కె.రంగధామరావు

ఆచార్య కె.రంగధామరావు (సెప్టెంబరు 9, 1898 - జూన్ 20, 1972) వర్ణపట శాస్త్రంలో పేరుగాంచిన భౌతిక శాస్త్రవేత్త. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాఖకు పునాది వేసినవారిలో ముఖ్యులు. పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు కోల్పోయిందో, అనగా అయాను ఆవేశం ఎంతో, అది వెలువరించే కాంతిని బట్టి తేల్చడం వీరి తొలినాటి పరిశోధనలకు కేంద్రం.

జీవితం

వీరు నాటి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. విజయనగరం మహారాజా కళాశాలలో ఎ.ఎల్.నారాయణతో కలిసి, లోహపు ఆవిరులు కాంతిని శోషించే తీరుపై పరిశోధించారు. నారాయణ తరువాత కొడైకెనాల్ సౌర పరిశోధనశాలకు సంచాలకులయ్యారు. 1920లలో ఒక చిన్న పట్టణపు కళాశాలలో ఈ స్థాయి కృషి జరిగిందన్నది నేటి విద్యార్థులు గమనించదగ్గ విషయం.

అనంతరం రంగధామరావు ఇంగ్లాండు వెళ్లి లండన్ ఇంపీరియల్ కళాశాలలో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ వద్ద పనిచేశారు. ఫౌలర్ 1912లో కనుగొన్న కొన్ని రేఖలను హైడ్రోజన్‌వని భావించారు. అవి ఒక ఎలక్ట్రాను కోల్పోయిన హీలియానివని 1913లో నీల్స్ బోర్ చూపారు. అయాను ఆవేశం తెలియకపోతే మూలకాన్నే పొరబడే ప్రమాదముందని దీనివల్ల స్పష్టమౌతుంది.

సెలీనియం అయాన్లు

పాఠశాలలో అయాను ఆవేశం కట్టడం తేలిక: ప్రోటాన్ల సంఖ్య నుండి ఎలక్ట్రాన్ల సంఖ్య తీసివేస్తే చాలు. సెలీనియంలో ప్రోటాన్లు 34. సెలీనైడు అయానులో ఎలక్ట్రాన్లు 36, కనుక ఆవేశం -2. కానీ విద్యుత్ స్పార్కులో సెలీనియం ఒకటి, రెండు, మూడు, ఇంకా ఎక్కువ ఎలక్ట్రాన్లను కోల్పోయిన అయాన్లన్నీ కలగలిసి ఉంటాయి. ఛాయాచిత్రంలో కనిపించే వందలాది రేఖలలో ఏది ఏ అయానుది?

దీనికి రెండు ఆధారాలున్నాయి. వలయంలో తీగచుట్ట చేర్చి స్పార్కు తీవ్రత తగ్గిస్తే, ఎక్కువ ఆవేశం గల అయాన్ల రేఖలు ముందుగా క్షీణిస్తాయి. రెండవది మరింత బలమైనది. మూడు ఎలక్ట్రాన్లు పోయిన సెలీనియంలో మిగిలేవి 31; గేలియం పరమాణువులోనూ అంతే. కాబట్టి రెండింటి రేఖల అమరిక ఒకే తీరున ఉంటుంది. అయితే కేంద్రకపు ఆకర్షణ హెచ్చు కావడంతో సెలీనియం రేఖలు అతినీలలోహిత ప్రాంతంలోకి జరుగుతాయి. సుమారు 2000 ఆంగ్‌స్ట్రాముల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని గాలి శోషిస్తుంది గనుక వర్ణపటమాపకాన్ని శూన్యంలో ఉంచాలి.

ఈ పద్ధతిలో +3, +4 ఆవేశాలు గల సెలీనియం అయాన్ల వర్ణపటాలను జె.ఎస్.బాదామితో కలిసి విశ్లేషించి, 1931లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. +2 అయానుపై వ్యాసం 1933లో వెలువడింది. వర్ణపట శాస్త్రంలో వీటిని వరుసగా నాలుగు, ఐదు, మూడు అనే రోమన్ అంకెలతో సూచిస్తారు. తటస్థ పరమాణువుకు ఒకటి కేటాయించడం వల్ల అంకె ఆవేశం కంటే ఒకటి ఎక్కువ. విద్యార్థులు తప్పులో కాలేసేది ఇక్కడే.

రేఖల శ్రేణుల నుండి అయనీకరణ శక్తిని లెక్కించవచ్చు. సెలీనియం ఆరవ ఎలక్ట్రానును తీయడానికి సుమారు 82, ఏడవదానికి 155 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. సెలీనియం గరిష్ఠ ఆక్సీకరణ స్థితి +6 దగ్గర ఆగడానికి కారణం ఇదే.

వాల్తేరులో

స్వదేశానికి వచ్చి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్ర విభాగంలో పనిచేస్తూ ఎస్.జి.కృష్ణమూర్తితో కలిసి సెలీనియం, బ్రోమిన్ అయాన్లపై కృషి కొనసాగించారు. క్రమంగా అణువుల వర్ణపటాలకూ పరిశోధన విస్తరించింది. వీరి పేరున భారత జాతీయ విజ్ఞాన అకాడమీ స్మారకోపన్యాసం నెలకొల్పింది.