విగ్రహములను చూచుట నేర్పిన వింకెల్మన్

ప్రష్యా రాజ్యమునందలి స్టెండల్ చిన్న పట్టణము. ఫ్రెంచి నవలాకారుడు స్టెండాల్ తన కలము పేరును ఆ ఊరి నుండియే గ్రహించెనందురు. అచట ఒక చెప్పులు కుట్టువాని ఇంట 1717 డిసెంబరు 9వ తేదీన యోహాన్ యోఆఖిమ్ వింకెల్మన్ జన్మించెను. బాలుడుగా నున్నప్పుడు గాయక బృందమున పాడి చదువు ఖర్చులకు గడించుకొనెను. హాలేలో దైవశాస్త్రము, యేనాలో వైద్యము కొంతకొంత అభ్యసించెనుగాని మనస్సెప్పుడును గ్రీకు కావ్యములపైననే యుండెను. 1743లో సేహౌజెన్ అను ఊరి బడిలో పంతులుగా చేరెను. పగలెల్ల పిల్లలకు పాఠములు చెప్పుట, రాత్రులు హోమరును, సోఫోక్లిసును చదువుట, కొద్దిసేపు కుర్చీలోనే కునుకు తీయుట. ఐదేండ్లు ఇట్లే గడచెను.

1748లో డ్రెస్డెన్ సమీపమున ఒక ప్రభువు గ్రంథాలయమున ఉద్యోగము దొరకెను. ఆ నగరమున రాజులు సేకరించిన ప్రాచీన శిల్పములు తోటలోని కొట్టములలో క్రిక్కిరిసి పడియుండెను. అవి కంటబడుటకేగాని పరిశీలించుటకు వీలులేనివని ఆయన తరువాత వాపోయెను. నేడు ప్రదర్శనశాలలలో విగ్రహము చుట్టును చోటు విడిచి నిలుపుట మనకు వింతగా తోచదు. ఆనాడు ఆ చోటు విలువ నెరిగినవారు అరుదు.

1755లో గ్రీకు శిల్పములపై ఆయన వ్రాసిన చిన్న పుస్తకము పేరు తెచ్చెను. అంతకు ముందటి యేడే, రోము చేరవలెనను కోరికతో, కాథలిక్కు మతమును స్వీకరించియుండెను. సాక్సనీ రాజిచ్చిన కొద్దిపాటి భృతితో రోమునకు పోయి, పిమ్మట అల్బానీ కార్డినలు ఆశ్రయము సంపాదించెను. ఆ కార్డినలు భవనమే ఒక శిల్పశాల.

అంతవరకు పండితులు విగ్రహము నెదుట నిలువక, గ్రంథములు ముందిడుకొని దాని పేరును ఊహించుచుండిరి. వింకెల్మన్ దీనిని తలక్రిందులు చేసెను. శిల్పము చుట్టును తిరుగుట, మరల మరల వచ్చి చూచుట, ప్రాచీనమైన భాగమేదో, తరువాతివారు అతికించిన ముక్కు, చేయి ఏదో వేరు చేయుట ఆయన పద్ధతి. అతికించిన చేతిలోని ఆయుధమును చూచి దేవత పేరు నిర్ణయించిన పండితులను ఆయన క్షమింపలేదు. ఫ్లారెన్సులో స్టాష్ ప్రభువు విడిచిపోయిన మూడువేలకు పైబడిన చెక్కడపు రత్నములను వరుసపెట్టి పట్టిక వ్రాసెను. 1764లో వెలువడిన ప్రాచీన కళాచరిత్ర గ్రంథమున కళకు పుట్టుక, పెరుగుదల, క్షీణత కలవని చూపి, గ్రీకు శిల్పమును శైలినిబట్టి నాలుగు దశలుగా విభజించెను. శిల్పుల జీవితములు వల్లించుటయే కళాచరిత్రయని తలచు కాలమున అది క్రొత్త త్రోవ.

ఈ చూపునకు మూలమొకటి కలదు. వింకెల్మన్ పురుషులను ప్రేమించిన పురుషుడు. జర్మను రాజ్యముల చట్టములు అట్టి ప్రేమకు మరణదండన విధించుచుండెను. 1762లో రోమున బెర్గ్ అను యువ ప్రభువుతో పరిచయమై, గాఢానురాగముగా మారెను. అతడు వెడలిపోయెను. మరుసటి యేడు, కళలోని సౌందర్యమును గ్రహించు శక్తిని గూర్చిన వ్యాసమొకటి వ్రాసి అతనికే అంకితమిచ్చెను. స్త్రీ సౌందర్యమునకు మాత్రమే చలించి పురుష సౌందర్యమునకు చలింపనివారికి కళాసౌందర్య జ్ఞానము సహజముగా నుండుట అరుదని అందు నిస్సంకోచముగా ప్రకటించెను. వ్యక్తిగతమైన ప్రేమ పరిశోధనకు అడ్డమని పండితులందురు. ఆయన దానినే సాధనముగా చేసికొనెను. తలయు, చేతులును లేని బెల్వెడేరు మొండెమును వర్ణించునప్పుడు ఆయన కలము కొలతలు చెప్పుటతో తృప్తిపడలేదు.

ఆ ప్రేమయే ఆయనను మోసగించెను కూడ. జూపిటరు గనిమీడు అను మర్త్యునిపై మనసుపడిన కథను చూపు కుడ్యచిత్ర మొకటి రోమున బయటపడగా, ఆయన దానిని ప్రాచీనమని నమ్మి తన మహాగ్రంథమున మిక్కిలి కొనియాడెను. అది తన మిత్రుడగు మెంగ్స్ చిత్రకారుని చేతిపనియని తరువాత తేలెను. చూడగోరినదే కనబడుట ఆయన పద్ధతిలోని అపాయము. ఆయన గ్రీకు శిల్పమని ఆరాధించిన అపోలో విగ్రహమును రోమను కాలపు ప్రతికృతియే. గ్రీసు దేశమున ఆయన ఎన్నడును అడుగిడలేదు.

నేపుల్సు రాజ్యమున హెర్క్యులేనియము త్రవ్వకములలో దొరకిన వస్తువుల నెదుట వ్రాసికొనుటకు అనుమతి లేకుండెను. ఆయన చూచినది జ్ఞాపకముంచుకొని బసకు వచ్చి వ్రాసికొనెను. 1762లో ఆ త్రవ్వకముల అజ్ఞానమును బహిరంగముగా విమర్శింపగా ఆ రాజాస్థానము మండిపడెను. 1763లో పోపు ప్రభుత్వము ఆయనను రోము పురావస్తువుల అధికారిగా నియమించెను. ప్రాచీన వస్తువులు నగరము దాటిపోకుండ కాపాడు బాధ్యత చెప్పులు కుట్టువాని కుమారునిది.

1768లో స్వదేశయాత్రకు బయలుదేరి, దారిలో దిగులు పుట్టి వెనుకకు మరలెను. వియన్నాలో మహారాణి మరియా థెరీసా పతకములను బహూకరించెను. ట్రీయెస్టు రేవులో ఓడకై ఎదురుచూచుచు, సత్రమున ప్రక్కగదిలోని ఆర్కాంజెలి అను వంటవానితో స్నేహము చేసి ఆ పతకములను చూపెను. జూన్ 8వ తేదీన అతడు వింకెల్మన్‌ను కత్తితో పొడిచెను. కొన్ని గంటలలోనే ప్రాణము పోయెను. హంతకుని అదే సత్రము ముందట చక్రముపై వధించిరి.

1805లో గేటే మహాకవి వింకెల్మన్‌పై గ్రంథము ప్రకటించి, ఆయన పురుషస్నేహములను దాచక ఆయన ప్రతిభతో కలిపి వివరించెను. పిదప వచ్చిన ఉపాధ్యాయులు పెక్కుమంది కళాచరిత్రను బోధించి ఆ అధ్యాయమును విడిచివేసిరి. మూడువందలవ జయంతి సంవత్సరమగు 2017లో బెర్లినులోని స్వలింగప్రేమికుల ప్రదర్శనశాల ఆయనపై ప్రత్యేక ప్రదర్శన నేర్పరచి, పాఠ్యపుస్తకములు విడిచిన ఆ అధ్యాయమును గోడలపై వ్రేలాడదీసెను.