ముసలి వేషాలు వేసి, ముసలితనం చూడని హరిభాయ్

ధర్మవరం, గద్వాల, ఉప్పాడ నేతగాళ్లకు సూరత్ పేరు కొత్త కాదు. పట్టుచీర అంచున మెరిసే జరీకి ఆ ఊరు పెట్టింది పేరు. ఆ వ్యాపారమే ఇంటిపేరుగా మారిన ఒక గుజరాతీ కుటుంబంలో 1938 జులై 9న హరిహర్ జెఠాలాల్ జరీవాలా పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబంతో బొంబాయి చేరారు. అక్కడ సంజీవ్ కుమార్ అయ్యారు. దగ్గరివాళ్లకు మాత్రం చివరిదాకా హరిభాయే.

‘షోలే’లో ఠాకూర్ బల్దేవ్ సింగ్ అంటే చాలు, తెలుగువాళ్లకు ఇక వేరే పరిచయం అక్కర్లేదు. నెరిసిన జుట్టు, భుజాల మీద శాలువా, నిప్పులు కురిసే కళ్లు. 1975లో ఆ సినిమా విడుదలైనప్పుడు ఆయన వయసు 37. ఠాకూర్ తెచ్చుకున్న కుర్రాడు వీరూగా వేసిన ధర్మేంద్ర ఆయనకన్నా రెండున్నరేళ్లు పెద్ద. మూడేళ్ల తర్వాత వచ్చిన ‘త్రిశూల్’ మరీ విచిత్రం. అందులో శశి కపూర్‌కు ఆయన తండ్రి. ఇద్దరూ 1938లోనే పుట్టారు. శశి కపూర్ మార్చిలో, సంజీవ్ జులైలో. అంటే కొడుకే నాలుగు నెలలు పెద్ద!

ఈ ముసలి వేషాల అలవాటు నాటకాల నుంచి వచ్చింది. బొంబాయిలో ఇప్టా బృందంలో చేరిన హరిహర్, 22 ఏళ్ల వయసులో ఆర్థర్ మిల్లర్ ‘ఆల్ మై సన్స్’ ఆధారంగా వేసిన నాటకంలో ముసలి తండ్రి పాత్ర వేశారు. ఆ మరుసటి ఏడాది ‘డమరు’ నాటకంలో ఆరుగురు పిల్లలున్న 60 ఏళ్ల మనిషి వేషం. దానికి దర్శకుడు ఎ.కె. హంగల్. ‘షోలే’లో చూపులేని ఇమామ్ సాహెబ్‌గా కంటతడి పెట్టించింది ఈ హంగలే. గడ్డం కూడా సరిగా రాని వయసులో నడుము వంచి నడవడం నేర్చిన నటుడికి, సినిమాల్లోకి వచ్చాక అందమైన హీరోగానే కనిపించాలన్న తపన ఎందుకుంటుంది?

సినిమా దారి మాత్రం సాఫీగా సాగలేదు. 1960లో ‘హమ్ హిందుస్థానీ’లో చిన్న వేషం దొరికింది. హీరో కావడానికి ఐదేళ్లు పట్టింది. ఆ సినిమా ‘నిషాన్’. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు రెండో శ్రేణి చిత్రాలే. 1968లో ‘సంఘర్ష్’లో దిలీప్ కుమార్‌కు ఎదురుగా నిలబడ్డాకే పరిశ్రమ ఆయన వైపు తిరిగి చూసింది.

పెద్ద విజయం ఇచ్చింది మనవాళ్లే. అక్కినేని నటించిన ‘పునర్జన్మ’ కథను ఎల్.వి. ప్రసాద్ 1970లో ‘ఖిలోనా’గా హిందీలో నిర్మించారు. మతి తప్పిన కవి పాత్ర సంజీవ్‌ది. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా దానికి ఫిలింఫేర్ అవార్డు దక్కింది. నాలుగేళ్లకు ‘నయా దిన్ నయీ రాత్’. తమిళంలో శివాజీ గణేశన్, తెలుగులో అక్కినేని తొమ్మిది పాత్రలు వేసిన ‘నవరాత్రి’కి అది హిందీ రూపం. దర్శకుడు ఎ. భీంసింగ్ మొదట దిలీప్ కుమార్‌ను అడిగితే, ఆయన సంజీవ్ పేరు చెప్పారు. అంతటితో ఆగక, సినిమా మొదట్లో తనే తెర మీదికి వచ్చి పరిచయం చేశారు. ఆ తర్వాత దాసరి నారాయణరావు ‘స్వర్గం నరకం’ను హిందీలో తీసినప్పుడూ అందులో సంజీవ్ ఉన్నారు.

అయితే ఆయన అసలు సత్తా తెలియాలంటే గుల్జార్ సినిమాలు చూడాలి. 1972 ఒక్క ఏడాదిలోనే ‘పరిచయ్’లో జయా భాదురికి తండ్రిగా, ‘కోషిష్’లో భర్తగా కనిపించారు. మూడేళ్లకు ‘షోలే’లో ఆమెకు మామగారు. ఎక్కడా ఎబ్బెట్టుగా అనిపించదు. ‘కోషిష్’లో ఆయన మాట రాని, చెవి వినపడని మనిషి. సంభాషణలే బలంగా నడిచే హిందీ సినిమాలో ఒక హీరో గొంతును వదులుకోవడం చిన్న సాహసం కాదు. ‘షోలే’లో చేతులు కూడా వదులుకున్నారు. నటుడికున్న పనిముట్లు ఒక్కొక్కటే పక్కన పెట్టి, మిగిలినవాటితో నెగ్గుకొచ్చారు. ‘దస్తక్’, ‘కోషిష్’ చిత్రాలకు రెండుసార్లు జాతీయ ఉత్తమ నటుడయ్యారు. ‘ఆంధీ’, ‘అర్జున్ పండిత్’లకు ఫిలింఫేర్ అందుకున్నారు. 1977లో సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’లో చదరంగం పిచ్చి పట్టిన లక్నో నవాబు, 1982లో ‘అంగూర్’లో కడుపుబ్బ నవ్వించే ద్విపాత్రాభినయం... ఒకే మనిషి ఇవన్నీ చేశాడంటే ఇవాళ చూసేవాళ్లకు ఆశ్చర్యమే.

పెళ్లి చేసుకోలేదు. దాని చుట్టూ పత్రికలు అల్లిన కథలకు లెక్కలేదు, వాటిని వదిలేయొచ్చు. వదిలేయలేనిది ఆయన గుండె సంగతి. ఆ ఇంట మగవాళ్లు చాలామంది 50 ఏళ్లు దాటలేదు. ఆ భయం ఆయన వెంటే నడిచిందని, తనకు రాని ముసలితనాన్ని తెర మీదే అనుభవించేస్తున్నారని చెప్పుకునేవారు. ఆ మాటలో నిజమెంతో గానీ, గుండె జబ్బు మాత్రం నిజం. ఒకసారి గుండెపోటు వచ్చాక అమెరికాలో బైపాస్ చేయించుకున్నారు. తిరిగొచ్చి మళ్లీ షూటింగులకే వెళ్లారు. 1985 నవంబర్ 6న బొంబాయిలో మరోసారి వచ్చిన గుండెపోటుకు కన్నుమూశారు. అప్పటికి వయసు 47.

సూరత్ తన బిడ్డను మర్చిపోలేదు. అక్కడ ఒక వీధికి ఆయన పేరుంది. 2014లో తెరుచుకున్న పెద్ద ఆడిటోరియానికీ ఆయన పేరే పెట్టారు. అంతకు ముందు ఏడాది, భారతీయ సినిమా వందేళ్ల సందర్భంగా తపాలా శాఖ వేసిన బిళ్లల్లోనూ ఆయన ముఖం ఉంది.

పోయేనాటికి చేతిలో చాలా సినిమాలే మిగిలిపోయాయి. వాటిలో కె. ఆసిఫ్ ‘లవ్ అండ్ గాడ్’ ఒకటి. మొదట హీరోగా తీసుకున్న గురుదత్ 1964లో చనిపోతే మజ్నూ పాత్ర సంజీవ్‌కు వచ్చింది. 1971లో దర్శకుడు ఆసిఫ్ చనిపోయారు. చివరకు 1986లో అది థియేటర్లకు వచ్చేసరికి సంజీవ్ కూడా లేరు. ఆఖరున వచ్చింది ‘ప్రొఫెసర్ కీ పడోసన్’, 1993లో. సగానికి పైగా తీశాక ఆగిపోయిన ఆ సినిమాలో, రెండో సగంలో ఆయన ఎందుకు కనిపించరో ప్రేక్షకులకు సర్దిచెప్పేలా కథ మార్చి విడుదల చేశారు.