క్లెస్సీ కమిన్స్: లారీకి డీజిల్ ఇంజిన్ అమర్చి, పాతికేళ్ల తర్వాత దానికి పగ్గం వేసిన మెకానిక్

ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఏ గేరు వేస్తారో, దిగేటప్పుడూ అదే గేరులో దిగాలి. లారీ డ్రైవర్లకు మొదట్లోనే నేర్పే పాఠం ఇది.

బ్రేకు పెడల్‌నే నమ్ముకుని దిగితే చక్రాల్లోని డ్రమ్ములు వేడెక్కుతాయి. లైనర్లు కాలిన వాసన వస్తుంది. కాసేపటికి పెడల్‌ను ఎంత తొక్కినా బండి వేగం తగ్గదు.

1931లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగుతున్న ఒక లారీకి ఇదే జరిగింది. కనుమ కింద రైల్వే క్రాసింగ్. పట్టాల మీద గూడ్సు రైలు వెళ్తోంది. బ్రేకులు పట్టడం లేదు. గేరుతో ఆపుదామన్నా ఇంజిన్‌కు ఆ పట్టు లేదు. రైలు దాటడం, లారీ పట్టాల మీదకు రావడం దాదాపు ఒకేసారి జరిగాయి. వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పింది.

ఆ లారీలో ఉన్న ముగ్గురిలో ఒకరు దాని ఇంజిన్‌ను తయారుచేసిన మనిషి. పేరు క్లెస్సీ లైల్ కమిన్స్. ఇవాళ మన ఊళ్లలో జనరేటర్ల మీద, బరువు లారీల ఇంజిన్ల మీద కనిపించే కమిన్స్ అనే పేరు ఆయనదే.

ఎనిమిదో తరగతితో ఆగిన చదువు

కమిన్స్ 1888 డిసెంబర్ 27న ఇండియానా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఇంజినీరింగ్ కాలేజీ మెట్లెక్కలేదు. యంత్రం గురించి ఆయనకు తెలిసిందంతా దాన్ని విప్పి, బిగించి తెలుసుకున్నదే.

పదకొండేళ్ల వయసులోనే చెక్కతో అచ్చులు చెక్కి, వాటిలో లోహం పోసి చిన్న ఆవిరి యంత్రం తయారుచేశారు. పొలంలో నీళ్లు తోడడానికి అది పనికొచ్చింది.

1908లో కొలంబస్ అనే చిన్న పట్టణంలో బ్యాంకర్ డబ్ల్యూ.జి. ఇర్విన్ కుటుంబం దగ్గర కారు డ్రైవరుగా చేరారు. ఆ రోజుల్లో డ్రైవరంటే మెకానిక్ కూడా. కారు ఎక్కడ ఆగిపోతే అక్కడ దించి బాగుచేసుకోవాల్సిందే. 1911లో తొలి ఇండియానాపోలిస్ 500 రేసులో గెలిచిన మార్మన్ కారు సిబ్బందిలోనూ కమిన్స్ పనిచేశారు.

డ్రైవరు చేతి పనితనం ఇర్విన్‌కు నచ్చింది. ఆయన అండతో కమిన్స్ సొంతంగా చిన్న మెషిన్ షాపు పెట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ సైన్యం బండ్లకు చక్రాల హబ్బులు చేశారు.

వాపసు వచ్చిన ఇంజిన్లు

1919 ఫిబ్రవరి 3న కమిన్స్ ఇంజిన్ కంపెనీ మొదలైంది. పెట్టుబడి ఇర్విన్‌ది, పేరు ఆయన డ్రైవరుది.

తొలి సరుకు లైసెన్సు మీద తయారుచేసిన ఆరు హార్స్‌పవర్ హ్విడ్ ఆయిల్ ఇంజిన్. పొలాల్లో వాడకానికి ఉద్దేశించిన వీటిని సియర్స్ రోబక్ అనే పెద్ద వ్యాపార సంస్థ తపాలా ఆర్డర్ల మీద అమ్మింది. నచ్చకపోతే డబ్బు వాపసు అన్నది ఆ సంస్థ హామీ. రైతులు ఒక సీజన్ వాడుకుని తిప్పి పంపడం మొదలుపెట్టారు. కంపెనీకి గట్టి దెబ్బ తగిలింది.

తర్వాతి పదేళ్లూ పడవలకు, తవ్వకపు యంత్రాలకు ఇంజిన్లు చేస్తూ నెట్టుకొచ్చారు. కమిన్స్ ధ్యాసంతా ఇంధనాన్ని సిలిండర్‌లోకి సరైన కొలతలో, సరైన క్షణంలో ఎలా పంపాలన్న దాని మీదే ఉండేది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండాలి. కొలత తప్పితే పొగ, సమయం తప్పితే దడదడ. అప్పటి డీజిళ్లు బరువైనవి, నెమ్మదైనవి. అవి రోడ్డు మీదకు పనికిరావన్నదే ఎక్కువ మంది నమ్మకం.

1929 చివరికి ఇర్విన్ ఓపిక కూడా తగ్గుతూ వచ్చింది. ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది. కంపెనీ మూతపడే పరిస్థితి.

క్రిస్మస్ నాటి షికారు

కమిన్స్ ఒక పాత ప్యాకార్డ్ కారు తీసుకున్నారు. పెట్రోల్ ఇంజిన్ దించి, పడవల కోసం చేసిన డీజిల్ ఇంజిన్‌ను అందులోకి ఎక్కించారు. 1929 క్రిస్మస్ రోజున ఇర్విన్‌ను అందులో కూర్చోబెట్టుకుని షికారు తీసుకెళ్లారు. షికారు ముగిశాక ఇర్విన్ మళ్లీ డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నారు.

కొద్ది రోజులకే, 1930 జనవరిలో, అదే కారులో ఇండియానాపోలిస్ నుంచి న్యూయార్క్ వెళ్లారు. దూరం 792 మైళ్లు, అంటే దాదాపు 1,275 కిలోమీటర్లు. ఇంధనం ఖర్చు 1 డాలరు 38 సెంట్లు.

1931లో కమిన్స్ డీజిల్ అమర్చిన రేసు కారు ఇండియానాపోలిస్ 500లో దిగింది. 13వ స్థానంలో నిలిచింది. కానీ 500 మైళ్లూ ఒక్కసారి కూడా ఆగకుండా పూర్తిచేసింది. ఆ రేసులో అంతవరకు ఏ కారూ అలా చేయలేదు.

అదే ఏడాది లారీ వంతు వచ్చింది. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలెస్‌కు, ఒక సముద్రతీరం నుంచి మరో తీరానికి, డీజిల్ లారీని నడిపారు. మొత్తం ఇంధనం ఖర్చు 11 డాలర్ల 22 సెంట్లు. లారీ యజమానులు చెవులు నిక్కించి వినే లెక్క అది.

ప్రయాణం చివరి దశలోనే కహోన్ కనుమ ఎదురైంది. పత్రికలకు 11 డాలర్ల లెక్క మిగిలింది. కమిన్స్‌కు ఆ రైలు క్రాసింగ్ మిగిలింది.

పెట్రోల్ దించి, డీజిల్ ఎక్కించి

మాంద్యం రోజుల్లో కొత్త లారీ కొనే స్తోమత కొద్దిమందికే ఉండేది. అందుకే కమిన్స్ డీజిల్‌కు తొలి దారి కొత్త లారీల ఫ్యాక్టరీల్లో కాదు, పాత లారీల బాయినెట్ల కింద దొరికింది. 1932లో ప్యూరిటీ స్టోర్స్ అనే కాలిఫోర్నియా కిరాణా సంస్థ తన లారీలో కమిన్స్ ఇంజిన్ వేయించుకుంది. మరుసటి ఏడాది కెన్‌వర్త్ కంపెనీ తన కొత్త లారీల్లోనే డీజిల్ ఇవ్వడం మొదలుపెట్టింది.

కంపెనీ తొలిసారి లాభం చూసింది 1937లో. అంటే మొదలైన 18 ఏళ్లకు. అంతకాలం ఇర్విన్ కుటుంబం దాన్ని మోసింది. 1940లో ఇంజిన్‌కు లక్ష మైళ్ల వారంటీ ప్రకటించింది. అంత దూరానికి మాటివ్వాలంటే ఊరూరా రిపేరు తెలిసినవాళ్లు, విడిభాగాలు ఉండాలి. బరువు వాహనాల వ్యాపారంలో అమ్మకం కంటే సర్వీసే ముఖ్యమన్న సంగతి, ఇంజిన్లు వాపసు వచ్చిన అనుభవమున్న కంపెనీకి వేరొకరు చెప్పక్కర్లేదు.

డీజిల్‌తో లారీలు ఎక్కువ బరువు మోయగలిగాయి, కొండలు ఎక్కగలిగాయి. అయితే ఎక్కిన బరువు దిగాలి కూడా. చిక్కు అక్కడే ఉంది.

ఇంజిన్‌కు పట్టు ఎందుకు తక్కువ

పెట్రోల్ బండిలో యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తే గాలి వెళ్లే దారి మూసుకుంటుంది. ఇంజిన్ ఆ మూసిన దారిలోంచి గాలి లాక్కోవడానికి కష్టపడుతుంది. ఆ కష్టమే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది.

అప్పటి డీజిల్‌కు అలా మూసే మూత లేదు. కాలు తీసినా గాలి నిండుగా లోపలికి వస్తుంది. పిస్టన్ పైకి వెళ్తూ దాన్ని నొక్కుతుంది. నొక్కడానికి బలం కావాలి కాబట్టి అక్కడ బండి కొంత నెమ్మదించాలి. కానీ నొక్కిన గాలి స్ప్రింగులా పనిచేసి, పిస్టన్‌ను మళ్లీ కిందికి తోస్తుంది. తీసుకున్న బలాన్ని దాదాపు తిరిగి ఇచ్చేస్తుంది. చివరికి భారమంతా చక్రాల బ్రేకుల మీదే పడుతుంది.

పిస్టన్ పైకి చేరిన క్షణంలో ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా తెరిచి, ఆ గాలిని బయటికి వదిలేస్తే? స్ప్రింగు బలం పోతుంది. ఇంజిన్ శక్తినిచ్చే యంత్రం నుంచి శక్తిని తినే గాలి పంపుగా మారుతుంది. ఆలోచన తేలికే. కానీ సరిగ్గా ఆ క్షణానికి వాల్వును తెరిచేది ఎవరు?

రిటైరయ్యాక దొరికిన జవాబు

1955లో కమిన్స్ తన పేరున్న కంపెనీ నుంచి తప్పుకున్నారు. అప్పటికే కాలిఫోర్నియాలో ఉంటున్నారు. పనిమాత్రం మానలేదు. చిన్న వర్క్‌షాపులో పాత ప్రశ్నను మళ్లీ ముందు పెట్టుకున్నారు.

జవాబు ఆయన సొంత ఇంజిన్‌లోనే ఉంది. అందులో ప్రతి సిలిండర్‌కూ ఇంధనం చిమ్మే ఇంజెక్టర్‌ను నొక్కడానికి ఒక కడ్డీ ఉంటుంది. గాలి పూర్తిగా నలిగే సమయానికే అది కదులుతుంది. డ్రైవరు కాలు తీస్తే డీజిల్ ఆగుతుంది, కడ్డీ కదలిక ఆగదు. వృథాగా పోతున్న ఆ కదలికను ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి ద్వారా ఎగ్జాస్ట్ వాల్వుకు అందిస్తే చాలు.

ఇంజిన్‌ను కొత్తగా గీయనక్కర్లేదు. తలభాగంలో రాకర్ల మీద ఒక అదనపు పెట్టె బిగిస్తే సరిపోతుంది. పాత లారీలకూ అమర్చుకోవచ్చు. ముప్ఫై ఏళ్ల కిందట కారులో ఇంజిన్ మార్చిన మెకానిక్ ఆలోచనే ఇది. ఉన్నదాన్ని పారేయకుండా, దాని నుంచే ఇంకో పని రాబట్టడం.

ఇంజిన్ తయారీదారులు మొదట్లో పెద్దగా ఆసక్తి చూపలేదు. ముందుకొచ్చింది జేకబ్స్ మాన్యుఫ్యాక్చరింగ్. డ్రిల్లింగ్ మెషిన్ల చక్‌లు చేసే కంపెనీ అది. 1961లో ఈ బ్రేకు మార్కెట్‌లోకి వచ్చింది. డ్రైవర్ల నోట జేక్ బ్రేక్ అయింది.

ఇది లారీని పూర్తిగా ఆపదు. వాలులో వేగం పెరగకుండా పట్టి ఉంచుతుంది. దానివల్ల చక్రాల బ్రేకులు చల్లగా ఉండి, నిజంగా ఆపాల్సిన చోట పనికొస్తాయి. లైనర్ల అరుగుదలా తగ్గుతుంది. నలిగిన గాలి ఒక్కసారిగా బయటపడటంతో వచ్చే పెద్ద చప్పుడు మాత్రం దీని లోపం. అమెరికాలో చాలా ఊళ్ల పొలిమేరల్లో ఈ బ్రేకు వాడవద్దని బోర్డులు పెట్టారు.

మన లారీల్లో ఎక్కువగా కనిపించే ఎగ్జాస్ట్ బ్రేకు దీనికంటే సాదాది. పొగ గొట్టానికి అడ్డంగా మూత పడి, ఇంజిన్‌ను బిగబడుతుంది. కమిన్స్ పద్ధతి వాల్వు దగ్గరే పనిచేస్తుంది కాబట్టి పట్టు ఎక్కువ.

బ్రేకు మార్కెట్‌లోకి వచ్చిన మరుసటి ఏడాది, 1962లో, పుణేలో కిర్లోస్కర్ కమిన్స్ మొదలైంది. ఇండియానా డ్రైవరు పేరు అలా భారతీయ వర్క్‌షాపుల్లోకి వచ్చింది.

1967లో కమిన్స్ తన డీజిల్ రోజుల మీద ఆత్మకథ ప్రచురించారు. 1968 ఆగస్టు 17న కన్నుమూశారు. 1985లో అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఆ బ్రేకును చారిత్రక ఆవిష్కరణల జాబితాలో చేర్చింది.

ఆయన ఇంజిన్ మీద ఆయన పేరుంది. బ్రేకు మీద చక్‌లు చేసే కంపెనీ పేరుంది. ఘాట్ దిగే డ్రైవరుకు ఎక్కువ అవసరమైంది మాత్రం ఆ రెండోదే.