పిల్లల మాట విన్న రేడియో అన్నయ్య



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఒక మహనీయుని జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, భాగ్యరెడ్డి వర్మ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి మన సీనియర్లు చక్కగా రాశారు. ఈసారి ఆ బాధ్యత నాకు అప్పగించారు. నేను మీలో చాలామంది పేరైనా విననివారిని ఎంచుకున్నాను. ఆయన న్యాయపతి రాఘవరావు గారు. ఈ పేరు చెబితే మన పెద్దవాళ్ళలో కూడా కొందరు గుర్తుపట్టరు. రేడియో అన్నయ్య అని చెప్పండి, వెంటనే గుర్తుపడతారు.

నాకు ఆయన సంగతి పుస్తకాల వల్ల తెలియలేదు. మా నాయనమ్మ వల్ల తెలిసింది. మాది పాలమూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. నాయనమ్మ చిన్నతనంలో ఊరికంతటికీ ఒకరిద్దరి ఇళ్ళలోనే రేడియో ఉండేదట. ఆదివారం మధ్యాహ్నం పటేలు గారింటి అరుగు మీద రేడియో పెడితే, ఆ అరుగు ఎక్కే వీలు లేని పిల్లలు ఎదురుగా వేపచెట్టు కింద నిలబడి వినేవారట. నాయనమ్మ ఆ చెట్టు కింది పిల్లల్లో ఒకతె. అన్నయ్య, అక్కయ్య అని ఇద్దరు మాట్లాడేవారని, పిల్లలు పాటలు పాడేవారని, గలగలా నవ్వేవారని చెప్పింది. వాళ్ళ తెలుగు కొంత అర్థమయ్యేది కాదట. అయినా నవ్వు అర్థమయ్యేదట. నాయనమ్మకు ఇవాళ్టికీ చదవడం రాదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఆ అన్నయ్య ఎవరో తెలుసుకుందామని వెతికితే దొరికినవారే రాఘవరావు గారు.

ఆయన 1905 ఏప్రిల్ 13న గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. అప్పుడు ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు బరంపురం అందులోకి వెళ్ళిపోయింది. అంటే ఆయనకు ముప్పై ఏళ్ళు దాటాక పుట్టిన ఊరు మరో రాష్ట్రమైందన్నమాట. ఆయన పాత్రికేయులు, రచయిత. పెద్దలకు రాసుకుంటూ పేరు తెచ్చుకోగలిగినవారే. కానీ మద్రాసులో పిల్లల రేడియో కార్యక్రమాలు చేపట్టాక ఇక జీవితమంతా పిల్లలతోనే గడిపారు. ఆయన సతీమణి కామేశ్వరి గారు 1908లో పుట్టారు. ఈ పనిలో ఆమె సగభాగం. ఆయన రేడియో అన్నయ్య అయితే ఆమె రేడియో అక్కయ్య. భార్యాభర్తలను పిల్లలు అన్నయ్య, అక్కయ్య అని పిలవడం తలచుకుంటే మొదట నాకు నవ్వొచ్చింది. అందరికీ అలాగే అలవాటైపోయింది, ఎవరూ తప్పు పట్టలేదు.

ఈ పిలుపు గురించి కొంచెం చెప్పాలి. పిల్లలకు మంచి చెప్పే పెద్దమనిషి సాధారణంగా తాతయ్య అవుతాడు, లేదా మాస్టారు అవుతాడు. తాతయ్య చెప్తే తలూపాలి. మాస్టారు చెప్తే చేతులు కట్టుకోవాలి. అన్నయ్యతో అయితే వాదన పెట్టుకోవచ్చు. నీ కథ బాగాలేదని ముఖం మీదే అనవచ్చు. మన హాస్టల్‌లో ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ సీనియర్లందరూ అన్నలే. (బట్టలు ఉతికించుకునే అన్నలు కూడా ఉన్నారు, వాళ్ళ సంగతి వేరే సంచికలో చూద్దాం.)

మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్‌లో మొదలైంది. ఆ రోజుల్లో ఇప్పటిలా ముందే రికార్డు చేసి, తప్పులు కత్తిరించి వినిపించే సౌకర్యం లేదు. ఎక్కువ భాగం కార్యక్రమాలు నేరుగా ప్రసారమయ్యేవి. మైకు ముందు చిన్నపిల్ల మాట మరచిపోయినా, తుమ్మినా అలాగే అందరికీ వినబడుతుంది. అలాంటి చోటికి పిల్లల్ని గుంపులుగా తీసుకువెళ్ళి పాడించడం, నాటికలు వేయించడం ఎంత ధైర్యమో ఆలోచించండి. పెద్ద నటులు పిల్లల గొంతుతో మాట్లాడితే పని సులువయ్యేది. ఆయన అలా చేయలేదు. పిల్లల కార్యక్రమంలో పిల్లలే మాట్లాడాలన్నారు. వారి కోసం పాటలు, నాటికలు రాశారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. తరువాత ఆ పేరుతో ఎన్నో ఊళ్ళలో సంఘాలు వెలిశాయి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. అది ‘బాల’ పత్రిక. 1945 ఆగస్టులో ఈ దంపతులు దాన్ని ప్రారంభించారు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగుస్తోంది, కాగితానికి కరువుగా ఉంది. పెద్దల పత్రికలే పేజీలు తగ్గించుకుంటున్న కాలంలో పిల్లల కోసం ఒక మాసపత్రిక! మన ఇళ్ళలో కూడా తెలిసిన ‘చందమామ’ ఇంకా పుట్టలేదు. అది 1947 జులైలో వచ్చింది. చందమామ గొప్పదనాన్ని నేను కాదనను, దాని పాత సంచికలు నేనూ పోగుచేసుకున్నవాణ్ణే. కానీ అందులో కథ చెప్పేవారు పెద్దలు, వినేవారు పిల్లలు. ఫోటో వ్యాఖ్యల పోటీలో మాత్రం పాఠకులకు ఒక చిన్న వాక్యం రాసే అవకాశం ఉండేది. బాల దారి వేరు. అందులో పిల్లలు రాసినవీ, గీసినవీ అచ్చయ్యేవి.

ఒక్క ఉదాహరణ చెప్తాను. ముళ్ళపూడి వెంకటరమణ గారు పెద్ద రచయిత అని మీకు తెలుసు. ఆయన 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి ఆయన్ను మద్రాసులో ఎన్నో ఇక్కట్లు పడి పెంచింది. చదువు ఎస్సెస్సెల్సీ దగ్గరే ఆగిపోయింది. అలాంటి పిల్లవాడు పద్నాలుగేళ్ళ వయసులో రాసిన ‘అమ్మ మాట వినకపోతే’ అనే కథ 1945లో బాలలో అచ్చయింది. అదే ఆయన మొదటి కథ. ఆయన స్నేహితుడు బాపు గారు 1933 డిసెంబరులో పుట్టారు. ఆయన తొలి బొమ్మలు కూడా బాలలోనే వచ్చాయి.  వీరిద్దరూ పెద్దయ్యాక ‘బుడుగు’ను సృష్టించారు. పెద్దవాళ్ళ ప్రపంచం పిల్లవాడికి ఎలా కనిపిస్తుందో పిల్లవాడే చెప్పే పుస్తకం అది. చిన్నప్పుడు తమ మాట అచ్చులో చూసుకున్నవాళ్ళే అలాంటి పుస్తకం తేగలరని నా అభిప్రాయం.

పద్నాలుగేళ్ళవాడు కథ రాసి పంపాడంటే ఏమిటి అర్థం? అంతవరకు చదివిన కథల మీద వాడికొక అభిప్రాయం ఉందని. ఇది బాగుంది, ఇది బాగాలేదు, నేనైతే ఇలా రాస్తాను అనుకున్నాడని. ఆ అభిప్రాయం చెప్పడానికి ఒక చోటు కావాలి. ఆ చోటు ఇవ్వడమే రాఘవరావు గారు చేసిన పని.

నేను చదివిన ఒక బడిలో అద్దాల బీరువా నిండా కథల పుస్తకాలు ఉండేవి. తాళం వేసి ఉండేది. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే దుమ్ము దులిపి తెరిచేవారు. ఏడో తరగతిలో ఒకసారి తలా ఒక పుస్తకం ఇచ్చి, చదివి అభిప్రాయం రాయమన్నారు. ఎంత సంతోషించామో! తీరా చూస్తే అభిప్రాయం అంటే నీతి అట. నలభై మందిమీ పుస్తకం చివరి పేజీ చూసి, అక్కడున్న నీతి దించేశాం. నా పుస్తకంలో నక్క నాకు చాలా నచ్చింది. నీతి ప్రకారం నక్క చెడ్డది కాబట్టి ఆ మాట రాయలేదు. ఇప్పటికీ ఆ నక్కను తలచుకుంటే నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ ఏడాదే రాఘవరావు గారి దంపతులు మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చేశారు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, పేరున్న చోటు వదిలి కొత్త ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి పిల్లల్ని పోగు చేయడం మొదలుపెట్టారు. బాలానంద సంఘం నారాయణగూడలో నెలకొంది. మన గౌలిపుర నుంచి చార్మినార్ మీదుగా మూసీ దాటి, అఫ్జల్‌గంజ్, కోఠి గడిస్తే నారాయణగూడ. ఎంతో దూరం కాదు. అయినా నేను నాలుగేళ్ళు ఆ దారిన కాలేజీకి పోయివచ్చాను గాని, అక్కడ ఇంత చరిత్ర ఉందని తెలియదు. హైదరాబాదు రేడియోలో బాలానందం కార్యక్రమం వల్ల అన్నయ్య, అక్కయ్య తెలంగాణ పల్లెలకూ పరిచయమయ్యారు. మా నాయనమ్మ విన్నది అప్పుడే. బాల పత్రిక మాత్రం 1959లో ఆగిపోయింది. పద్నాలుగేళ్ళు నడిచింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. బాల ఎవరి ఇళ్ళకు చేరింది? 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నూటికి 21 మంది మాత్రమే. అందులో మన తాతలు ఎందరు ఉంటారో మీరే లెక్క వేసుకోండి. పత్రిక కొనాలంటే డబ్బు కావాలి, చదవాలంటే బడి కావాలి, రాసి పంపాలంటే మన రాత అచ్చు వేస్తారనే నమ్మకం కావాలి. ఈ మూడూ లేని ఇళ్ళకు బాల రాలేదు. అది రాఘవరావు గారి తప్పు కాదు, కానీ జరిగింది అదే. పట్నంలో రమణ గారు ఎంత పేదవాడైనా బడి ఉంది, పత్రిక ఉంది. మా నాయనమ్మకు ఆ రెండూ లేవు. ఆమె దాకా వచ్చింది రేడియో ఒక్కటే. అరుగు ఎక్కనివ్వకపోయినా గొంతును ఆపలేరు కదా. పుస్తకం గడప దాటాలంటే ఎవరో ఒకరు చేతికివ్వాలి, పాట తనంతట తానే వేపచెట్టు దాకా వచ్చేస్తుంది. అందుకే ఆయన చేసిన రెండు పనుల్లో రేడియోనే గొప్పదని నేననుకుంటాను. సాహిత్యం చదివిన నా మిత్రులు పత్రికే గొప్పదంటారు. ఈ వాదన మా మధ్య ఇంకా తెగలేదు.

అయితే వేపచెట్టు కింద నిలబడినవాళ్ళు విన్నారే గాని, మాట్లాడలేదు. నాయనమ్మను అడిగాను, ఆ పాటల్లో నీకు నచ్చనివి ఉండేవా అని. చాలాసేపు ఆలోచించింది. తనను ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదంది. తరువాత చెప్పింది, అన్నం తిననని మారాం చేసే పిల్లల కథలు నచ్చేవి కావట. అన్నం పెడుతుంటే వద్దనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా, అవి అబద్ధం కథలు అనుకునేదట. అరవై ఏళ్ళ తరువాత బయటికొచ్చిన అభిప్రాయం ఇది. రాఘవరావు గారు వింటే సంతోషించేవారో, చిన్నబోయేవారో గాని, తప్పకుండా వినేవారు.

కామేశ్వరి గారు 1980లో కన్నుమూశారు. ఆ తరువాత నాలుగేళ్ళకు, 1984 ఫిబ్రవరి 24న రాఘవరావు గారు మరణించారు. అప్పటికి ఆయన దగ్గర పాటలు నేర్చుకున్న పిల్లలు తాతలు, అమ్మమ్మలు అయ్యారు. వాళ్ళకు కూడా ఆయన అన్నయ్యే.

నాయనమ్మ మాట విన్నాక నాకొక ఆలోచన వచ్చింది. పోయిన దసరా సెలవుల తరువాత నుంచి ఆదివారాలు మన హాస్టల్ వరండాలో చిన్న తరగతుల తమ్ముళ్ళతో కూర్చుంటున్నాను. తలా ఒక పుస్తకం చదువుతారు, తరువాత మాట్లాడతారు. నీతి చెప్పకూడదనేది ఒక్కటే షరతు. మొదటి రెండు వారాలు అందరూ బాగుంది అన్నా, బాగుంది అన్నా అనే అన్నారు. బాగుంది అంటే తిట్లు పడవని వాళ్ళకు తెలుసు. మూడో వారం నేనే ఒక పుస్తకం నాకు నచ్చలేదని చెప్పి, ఎందుకో వివరించాను. అప్పుడు నోళ్ళు తెరుచుకున్నాయి. ఒకడు రాకుమారుల కథల్లో వంట ఎవరు చేస్తారో చెప్పరేమిటని అడిగాడు. ఇంకొకడికి బొమ్మలు మరీ చిన్నవట. ఉర్దూ మీడియం నుంచి మారి వచ్చిన తమ్ముడొకడు, గట్టిగా చదివితే కథ అర్థమవుతోంది, మనసులో చదివితే అర్థం కావడం లేదన్నాడు. ఆ రోజు నుంచి వాడు గట్టిగానే చదువుతున్నాడు. పక్కగది వాళ్ళు గొడవ చేస్తే నేను సర్దిచెప్పాల్సి వచ్చింది.

ఈ సంచిక చివరి నాలుగు పేజీలు వాళ్ళవే. ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్ళు తాము చదివిన పుస్తకాల గురించి రాసినవి. అచ్చుతప్పులు దిద్దాం గాని, మాటలు మార్చలేదు. వాటిలో ఒకదాని విషయంలో సంపాదక వర్గంలో కొంత చర్చ జరిగింది, వేయాలా వద్దా అని. ఆరో తరగతి తమ్ముడొకడు పరమానందయ్య శిష్యుల కథలు చదివి, అందరూ నవ్వారు గాని తనకు నవ్వు రాలేదని రాశాడు. చెప్పింది అర్థం కాక తప్పు చేస్తే నవ్వుతారా అని అడిగాడు. బ్యాంకులో కాగితం ఎక్కడ నింపాలో తెలియక వాళ్ళ నాన్న తప్పు చేస్తే అక్కడున్నవాళ్ళు కూడా ఇలాగే నవ్వారట. వేయాలనే నిర్ణయించాం. అది మొదటి పేజీలోనే ఉంది.