రైతు నోటి మాటకు పీట వేసిన పండితుడు

2028 జూన్ 19కి భద్రిరాజు కృష్ణమూర్తి గారు పుట్టి నూరేళ్లు. ఆయన పుట్టింది ఒంగోలులో. అప్పటికింకా ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. కాబట్టి ఈ నూరేళ్ల పండుగ రెండు జిల్లాలదీ. పత్తికీ మిరపకీ పేరుపడ్డ మా నల్లరేగడి మొత్తానిదీ.

పెన్సిల్వేనియాలో డాక్టరేట్, ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ, హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్ష పదవి, 2003లో కేంబ్రిడ్జి అచ్చువేసిన ద్రావిడ భాషల గ్రంథం... ఇవన్నీ లోకం మెచ్చినవే. నాకు మటుకు ఆయన పేరు వినగానే 1962 నాటి మాండలిక వృత్తిపదకోశం, వ్యవసాయ సంపుటం గుర్తొస్తుంది.

ఆ కోశం గొప్పేమిటో ఒక పోలికతో చెబుతాను. జర్మన్ పండితులు 1894లో లాటిన్ మహానిఘంటువుకు పూనుకున్నారు. కనిపించిన మాటలను చీటీల మీదికెక్కించి దాచారు. ఆ పని నేటికీ సాగుతూనే ఉంది. వాళ్లకు ఆధారం పాత గ్రంథాలూ శాసనాలే. నాగలి పట్టిన లాటిన్ రైతును అడుగుదామంటే ఎక్కడున్నాడు? మనకు రైతు ఉన్నాడు, అడిగేవాళ్లే తక్కువ. బ్రౌను దొర తన తెలుగు నిఘంటువులో వాడుక మాటలకు చోటిచ్చినా, మన పెద్ద నిఘంటువులు చాలాకాలం కావ్యాల వెంటే నడిచాయి. కృష్ణమూర్తి గారు మాటల కోసం రైతుల దగ్గరికి వెళ్లారు. మేడి, కర్రు, కాడి, గొర్రు, గుంటక: ఏ సీమలో దేన్ని ఏమంటారో అడిగించి రాయించారు. ఆ పేర్లను పక్కపక్కన పేర్చి చూస్తే తెలుగు తూర్పు, దక్షిణం, ఉత్తరం, మధ్యం అని నాలుగు మాండలికాలుగా తేలింది.

ఆ పని విలువ నాకు కల్లంలో తెలిసింది. ఎండిన మిరపకాయల్లో తెల్లబారినవాటిని మా అమ్మ చకచకా పక్కకు వేసేది. అవి తాలు కాయలు. వరిలో గింజ పట్టని పొల్లు కూడా తాలే. వరి తాలులో గింజ ఉండదు. మిరప తాలులో గింజ ఉంటుంది, రంగే పోతుంది. పంట మారితే మాట కొత్త అర్థం తొడుక్కుంది. చేలోకి దిగకుండా దీన్ని ఏ పండితుడు పట్టుకోగలడు?

తర్వాత 1971లో చేనేత సంపుటం వచ్చింది. చీరాల, వేటపాలెం మగ్గాల మీద రోజూ వినిపించే నాడె, కండె, పడుగు, పేక వంటి మాటలకు అది ఇల్లు. వాస్తు పదకోశం కూర్చిన బూదరాజు రాధాకృష్ణ గారు పుట్టింది కూడా ఆ వేటపాలెంలోనే. మా ప్రాంతం ఒక్క తరంలో ఇద్దరు కోశకారులను ఇచ్చిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

నూరేళ్ల సభ ఒంగోలులో జరగాలి. వేదిక మీద ఆచార్యుల పక్కన ఒక మిరప రైతునూ ఒక నేత కార్మికుణ్ణీ కూర్చోబెట్టాలి. కృష్ణమూర్తి గారి పటానికి మొదటి దండ వాళ్ల చేత వేయించాలి.