తుపాకి మందును తూచి చూసిన శాస్త్రవేత్త - లెవోయిజర్

హైస్కూలు చదివిన ప్రతి విద్యార్థికీ లెవోయిజర్ పేరు తెలుసు. ద్రవ్యనిత్యత్వ నియమం కింద ఆయన పేరు రాసి మనమంతా మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. కానీ ఆ మహనీయుడు పదిహేనేళ్ళకు పైగా ఫ్రాన్సు దేశపు తుపాకి మందు వ్యవహారాలు చూసిన ఉద్యోగి అన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో లేదు. మంచి మందు ఏది, చెడ్డ మందు ఏది, దేనిని ఎంచుకోవాలి అన్న ప్రశ్న ఆయన జీవితాన్ని ఎలా మలుపు తిప్పిందో మన వసతిగృహ మిత్రులకు చెప్పాలన్నదే మా ఈ చిన్న ప్రయత్నం.

ఆంటోని లారెంట్ లెవోయిజర్ 1743 ఆగస్టు 26న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. అయిదేళ్ళ వయసులోనే తల్లి చనిపోయింది. కలిగిన కుటుంబం కాబట్టి చదువుకు లోటు రాలేదు. తండ్రి కోరిక ప్రకారం 1764లో న్యాయశాస్త్రం పూర్తి చేసినా మనసంతా రసాయన శాస్త్రం మీదే ఉండేది. 1768లో, పాతికేళ్ళు నిండకముందే, ఫ్రెంచి సైన్స్ అకాడమీ సభ్యుడయ్యాడు. అదే ఏడు రాజుగారి తరఫున పన్నులు వసూలు చేసే గుత్తేదార్ల సంస్థలో వాటా కొన్నాడు. ఆ డబ్బుతో ఖరీదైన త్రాసులు, పరికరాలు చేయించుకున్నాడు. 1771లో మేరీ ఆన్‌ను వివాహమాడాడు. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళే. ఆమె తర్వాత ఇంగ్లీషు నేర్చుకుని శాస్త్రగ్రంథాలను అనువదించింది, ప్రయోగశాలలో లెక్కలు రాసింది, ఆయన పుస్తకానికి బొమ్మలు గీసింది.

తుపాకి మందులో ఉండేవి మూడే వస్తువులు: సురేకారం, గంధకం, బొగ్గు. ఎక్కువ భాగం సురేకారమే. ఆ రోజుల్లో ప్రపంచంలో పేరుపొందిన సురేకారం మన దేశపు బీహారు నుంచే వెళ్ళేది. అక్కడ నూనియా కులస్థులు మట్టిని నీటిలో కరిగించి, వడకట్టి, కాచి దాన్ని తీసేవారు. మన తెలుగునేల మీద ఉప్పర కులస్థులు కూడా చవిటి మట్టి నుంచి ఉప్పు, సురేకారం తీసేవారు. సముద్రాల అవతల రాజులు చేసిన యుద్ధాల వెనుక ఈ పేదల చెమట ఉందని మనం మరచిపోకూడదు. 1757లో ప్లాసీ యుద్ధం తర్వాత బీహారు సురేకారం ఇంగ్లీషు కంపెనీ గుప్పిట్లోకి పోయింది. ఫ్రాన్సుకు కొరత వచ్చిపడింది.

ఫ్రాన్సులో అప్పటిదాకా మందు తయారీ ప్రైవేటు కాంట్రాక్టరు చేతుల్లో ఉండేది. సురేకారం తీసేవాళ్ళకు ఎవరి ఇంట్లోనైనా చొరబడి నేలమాళిగలు, పశువుల కొట్టాలు తవ్వే హక్కు ఉండేది. తవ్వకం తప్పించుకోవాలంటే లంచం ఇచ్చుకోవాల్సిందే. ఆ బాధ పడింది ఎక్కువగా రైతులే. 1775లో మంత్రి టుర్గో ఆ కాంట్రాక్టు రద్దు చేసి ప్రభుత్వ శాఖను ఏర్పాటు చేశాడు. నలుగురు అధికారుల్లో లెవోయిజర్ ఒకడు. ఇళ్ళు తవ్వే పద్ధతికి ఆ శాఖ స్వస్తి పలికించింది. సురేకారాన్ని మడుల్లో తయారుచేసే విధానం గురించి లెవోయిజర్ అందరికీ అర్థమయ్యేలా సూచనలు రాయించి పంచిపెట్టాడు. శుద్ధి చేయడం, తూచడం, పరీక్షించడం నియమం చేశాడు. కొద్ది ఏళ్ళలోనే ఫ్రెంచి మందు యూరప్‌లో మేటి అనిపించుకుంది. 1776 నుంచి అమెరికా స్వాతంత్ర్య యోధులకు కూడా ఆ మందు అందింది.

ఉద్యోగం వల్ల ఆయనకు పారిస్‌లోని ఆయుధాగారంలో నివాసం దొరికింది. అక్కడే గొప్ప ప్రయోగశాల కట్టుకున్నాడు. దహనానికి కారణం ఆక్సిజన్ అని తేల్చిన పరిశోధనల్లో చాలా భాగం ఆ మందుగుండు గోడల మధ్యనే జరిగాయి. గాలి తగలని తుపాకి గొట్టంలో కూడా మందు ఎందుకు మండుతుందో అప్పుడు తెలిసివచ్చింది. సురేకారమే తన ఆక్సిజన్‌ను బొగ్గుకు, గంధకానికి ఇస్తుంది. గుళిక సన్నగా ఉంటే మందు త్వరగా మండుతుంది, లావుగా ఉంటే నిదానంగా మండుతుంది. అందుకే పిస్తోలుకు సన్న గుళికలు, ఫిరంగికి పెద్ద గుళికలు వాడేవారు.

సురేకారం కంటే బలమైన వస్తువు దొరికితే ఎలా ఉంటుందన్న ఆలోచన అప్పుడు వచ్చింది. బెర్తొలే అనే శాస్త్రవేత్త పొటాషియం క్లోరేటు కనిపెట్టాడు. దానితో చేసిన మందు పాత మందు కంటే ఎంతో తీవ్రమైనది. 1788 అక్టోబరు 27న ఎస్సోన్ మందు మిల్లులో దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. లెవోయిజర్ దంపతులు, బెర్తొలే కూడా అక్కడే ఉన్నారు. వారు కాస్త పక్కకు వెళ్ళిన సమయంలో రోలులోని మందు ఒక్కసారిగా పేలింది. దగ్గరగా ఉన్న మిల్లు అధికారి లెటార్, షెవ్రో అనే యువతి మరణించారు. లెవోయిజర్ దంపతులు వెంట్రుకవాసిలో బతికిపోయారు. ఆ కొత్త మందు ఎంత బలమైనదైనా పాత మందు స్థానంలో నిలవలేకపోయింది. కొంచెం రాపిడికే పేలే మందు శత్రువుకు ముందు చేసేవాడినే బలి తీసుకుంటుంది. క్లోరేటు, గంధకం కలిపిన బాణసంచాను మన ప్రభుత్వం 1992లో నిషేధించడానికి కారణం కూడా ఇదే.

మరుసటి ఏడు ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1789 ఆగస్టులో ఆయుధాగారం నుంచి పడవలో మందు తరలిపోతోందని ప్రజలు పసిగట్టారు. అది ఆఫ్రికా తీరపు వర్తకానికి పంపే నాసిరకం మందు. ఆ వర్తకంలో బానిసల వ్యాపారం కూడా కలిసే ఉంది. దాన్ని పంపేసి సైన్యానికి పనికివచ్చే మేలురకం మందుకు చోటు చేయాలన్నది అధికారుల ఉద్దేశం. కానీ ముందుగా ప్రజలకు ఎవరూ చెప్పలేదు. దేశద్రోహమని జనం మండిపడ్డారు. లెవోయిజర్ వివరణ ఇచ్చుకుని ప్రాణాలతో బయటపడ్డాడు.

ఆయన్ను మేము దేవుణ్ణి చేయదలచుకోలేదు. ఉప్పు మీద కూడా పన్ను పిండిన సంస్థలో ఆయన వాటాదారు. పేదల కోపానికి కారణం లేకపోలేదు. 1793 నవంబరులో ఆ సంస్థ భాగస్వాములను నిర్బంధించారు. 1794 మే 8న ఒక్కరోజులోనే విచారణ ముగించి, మామగారితో సహా ఇరవై ఎనిమిది మందికి మరణశిక్ష అమలుచేశారు. అప్పటికి లెవోయిజర్ వయసు యాభై. మరుసటి ఏడు ప్రభుత్వం ఆస్తులను ఆయన భార్యకు తిరిగి ఇచ్చింది. ప్రాణం మాత్రం తిరిగి ఇవ్వలేకపోయింది.

ఆయన నేర్పిన విద్య ఆగిపోలేదు. ఎస్సోన్ మిల్లులో పని నేర్చుకున్న ఇరెనె డ్యుపాంట్ అనే యువకుడు అమెరికా వెళ్ళి 1802లో బ్రాండీవైన్ నది ఒడ్డున మందు మిల్లు ప్రారంభించాడు. 1884లో ఫ్రాన్సులోనే పాల్ వియేల్ పొగరాని మందు కనిపెట్టాడు. నేటికీ అమెరికాలో గురి క్రీడాభిమానులు కొందరు కాల్చేసిన పిస్తోలు తూటాల ఇత్తడి గొట్టాలలో ఇంట్లోనే మళ్ళీ మందు నింపుకుంటారు. పొట్టి గొట్టం గల పిస్తోలుకు త్వరగా మండే మందు కావాలి, పొడవాటి రైఫిలుకు నిదానంగా మండేది కావాలి. చూపుకు రెండూ ఒకేలా ఉండవచ్చు. తారుమారైతే తుపాకి చేతిలోనే పగిలిపోవచ్చు. అందుకే వారు తయారీదారు అచ్చువేసిన పట్టిక చూసి, చిన్న త్రాసులో తూచి మరీ వాడతారు. మన దేశంలోనైతే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. బాణసంచా మందుతో ఆడుకుని చేతివేళ్ళు పోగొట్టుకున్న పిల్లలు మన ఊళ్ళలోనూ ఉన్నారు కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ మాట గుర్తుంచుకోవాలి.

లెవోయిజర్ జీవితం నుంచి మేము గ్రహించింది ఇదే. మందు ఎంత గట్టిగా పేలుతుందన్నది మొదటి ప్రశ్న కాదు. ఎంత అదుపులో ఉంటుంది, దాని దగ్గర పనిచేసే మనిషి క్షేమంగా ఇంటికి చేరతాడా లేదా అన్నదే మొదటి ప్రశ్న. నూనియాల సురేకారం నుంచి ఎస్సోన్ రోలు దాకా ప్రమాదం మోసింది చేతిపని చేసినవాళ్ళే. రేపు మనలో కొందరు ఇంజనీర్లు, కెమిస్టులు, అధికారులు అవుతారు. ఫ్యాక్టరీలో ఏ వస్తువు వాడాలో సంతకం పెట్టే రోజు వచ్చినప్పుడు త్రాసులో ఒకవైపు బలం, లాభం ఉంటే రెండోవైపు కూలీ ప్రాణం పెట్టి తూచండి. మన హాస్టలు గదుల నుంచి వెళ్ళినవారు అలా తూచగలిగితే అదే ఆ శాస్త్రవేత్తకు మనమిచ్చే నిజమైన నివాళి.