మన్రో దొర గొలుసు

గట్టు తగాదా ఎరుగని ఊరు మన రాయలసీమలో ఉండదు. కమలాపురం దగ్గర పాపాఘ్ని ఒడ్డున ఉన్న నల్లరేగడి చేలల్లో ఒక్క సాలు అటూ ఇటూ అయితే చాలు, అన్నదమ్ములు పలకరించుకోవడం మానేస్తారు. పొరుగువాని సరిహద్దు రాతిని జరపకూడదని ద్వితీయోపదేశకాండం ఒకచోట ఆజ్ఞాపిస్తే (19:14), ఇంకోచోట అలా జరిపినవాణ్ణి శాపగ్రస్తుడని అంటుంది (27:17). తూనికలోనూ కొలతలోనూ అన్యాయం చేయవద్దని లేవీయకాండం హెచ్చరిస్తుంది (19:35, 36). ఆ మాటలను తెలుగు చేసినవారు మన పల్లెల్లోని తూమునే అక్కడ వాడారు. చిత్రమేమిటంటే ఒకప్పుడు సీమలో ధాన్యాన్నే కాదు, భూమిని కూడా తూముల్లోనే చెప్పేవారు. ఎన్ని తూముల విత్తనం పడితే అంత చేను! ఊరూరికీ తూము వేరు, నేల నేలకూ విత్తు వేరు. ఎవరి చేను ఎంతో కరణం చెప్పిందే లెక్క.

ఆ లెక్కకు బదులు అందరికీ ఒకే కొలత తెచ్చినవాడు థామస్ మన్రో.

ఆయన 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. పద్దెనిమిదేళ్ల కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. హైదరాలీతో యుద్ధాలు చూశాడు, తరువాత బారామహల్‌లో, కెనరాలో శిస్తు వ్యవహారాలు నేర్చుకున్నాడు. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలంటే ఇవే. వాటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రో 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. అందులో ఎక్కువ కాలం గుడారాల్లోనే గడిచింది. పాళెగాళ్లను అణచడంలో ఆయన చూపిన కాఠిన్యాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. అయితే రైతు చేనిదాకా నడిచి వెళ్లిన దొర అని జనం ఆయన్ను గుర్తుపెట్టుకున్నారు.

1802లో ఆదోనిలో భూమి కొలత మొదలైంది. అప్పటికి దత్తమండలాలన్నిటిలో భూమి కొలవడం తెలిసినవారు ఆయన కచేరీలోని నలుగురు గుమాస్తాలే. వారితో మొదలుపెట్టి, కొత్తవారికి నేర్పించుకుంటూ వంద మంది దాకా తయారుచేశాడు. అందరికీ 33 అడుగుల గొలుసే ప్రమాణం. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. మనవైపు సెంట్లలో చెప్పుకోవడం అలవాటైంది గానీ తెలంగాణలో ఈ గుంటల లెక్క ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ప్రమాణం ఒకటే అని కాగితం మీద రాసినంత మాత్రాన చాలదు. కొలత గొలుసు వాడగా వాడగా అరిగి సాగుతుంది. లింకు వంగినా, మధ్యలో మట్టి పట్టినా కురచవుతుంది. అందుకే దాన్ని అప్పుడప్పుడు నికరమైన కొలతతో పోల్చి సరిచూడాలి. 33 అడుగుల గొలుసు నాలుగు అంగుళాలు తగ్గిందనుకుందాం. తేడా నూటికి ఒక పాలు, ఎవరి కంటికీ ఆనదు. అయితే చేను పొడవూ వెడల్పూ రెండూ దాంతోనే కొలుస్తారు కాబట్టి విస్తీర్ణంలో తప్పు నూటికి రెండు పాళ్లవుతుంది. పదెకరాల చేను దస్తావేజులో పదెకరాల ఎనిమిది గుంటలవుతుంది. లేని ఆ ఎనిమిది గుంటలకు రైతు, అతని తరువాత అతని బిడ్డలు ఏటేటా శిస్తు కట్టుకుంటూ పోవాలి. గొలుసు సాగితే నష్టం సర్కారుది. సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు రకాల తూనికరాళ్లు ఉంచుకోవద్దని మోషే ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించింది (ద్వితీ 25:13) వ్యాపారులను ఉద్దేశించే కావచ్చు. సంగతి తెలిసీ గొలుసు సరిచూడని ఉద్యోగికి కూడా అది వర్తిస్తుంది.

మన్రో మనుషుల స్వభావం తెలిసినవాడు. కొలిచేవారికి ఎకరానికి ఇంత అని కూలి ఇచ్చాడు, దానివల్ల పని చకచకా సాగింది. తొందరలో తప్పులు దొర్లుతాయని కూడా ఆయనకు తెలుసు. అందుకే వారు కొలిచినదాన్ని మళ్లీ కొలిచి చూసేవారికి మాత్రం నెల జీతం పెట్టాడు. హడావిడి పడితే వీరికి కలిసొచ్చేది ఏమీ లేదు. తరువాత నేల స్వభావాన్ని బట్టి తరగతులు నిర్ణయించి శిస్తు కట్టారు. కొలత తప్పిందనో, తరగతి తప్పిందనో రైతు మొరపెట్టుకుంటే వినేవారు. ఈ రోజుల్లో డ్రోన్లతో, రోవర్లతో భూముల రీసర్వే జరుగుతున్నా, పక్కనే నిలబడి తన గట్టు తాను చూపించే రైతు లేకపోతే ఆ పని తెగదు.

1807లో పదవి విడిచి వెళ్లేనాటికి ఆ బృహత్కార్యం పూర్తయింది. సాధారణంగా అధికారులు ఇక్కడ చేతులు దులుపుకుంటారు. మన్రో అలా చేయలేదు. తన కొలతను కాదు, ఆ కొలత మీద తానే కట్టిన శిస్తును తప్పుపడుతూ ప్రభుత్వానికి నివేదిక రాశాడు. పండిన పంటలో నూటికి సుమారు 45 పాళ్లు సర్కారుకే పోతోందని, రైతుకు నిలదొక్కుకునే వీలు ఉండాలంటే అది మూడోవంతుకు దిగాలని ఆయన లెక్కగట్టాడు. అందుకోసం మెట్టకూ తరికీ నూటికి 25, తోటలకు 33 తగ్గించమని సిఫారసు చేశాడు.

పుదీనా, సోపు, జీలకర్రల్లో సైతం పదో వంతు పొల్లుపోకుండా కొలిచి ఇచ్చిన పరిసయ్యులను యేసుప్రభువు గద్దించాడు (మత్తయి 23:23). వారి లెక్క తప్పు కాదు. దానిలో న్యాయానికీ కనికరానికీ చోటు లేకపోవడమే తప్పు. గొలుసు సరిగ్గా ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టేనని మన్రో అనుకొని ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు.

ఆ సిఫారసును ప్రభుత్వం పక్కన పెట్టింది. 1808లో దత్తమండలాలు బళ్లారి, కడప జిల్లాలుగా విడిపోయాయి. ఆ వెంటనే ఊళ్లను గుత్తకిచ్చే పద్ధతి వచ్చింది. ఆ భారీ శిస్తు మీదే గుత్తలు సాగడంతో గుత్తదారులు ఎందరో చితికిపోయారు, రైతులు నలిగిపోయారు. పదమూడేళ్ల తరువాత, 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చాడు. తాను అడిగినప్పుడు దక్కని తగ్గింపును ఇప్పుడు తానే అమలు చేయించాడు.  మధ్యలో పోయిన పదమూడు పంటలను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఆయన మిషనరీ కాడు. 1822లో బళ్లారిలో ఒక సబ్ కలెక్టరు అధికార హోదాలో ఉండి మతప్రచారానికి పూనుకుంటే గవర్నరుగా అభ్యంతరం చెప్పాడు. విశ్వాసం కలెక్టరు కచేరీ నుంచి రాకూడదన్న ఆ అభిప్రాయాన్ని ఈ రచయిత కూడా గౌరవిస్తాడు.

పదవి ముగించుకొని స్వదేశం వెళ్లబోయే ముందు, 1827 వేసవిలో ఆయన ఈ జనాన్ని చూసిపోదామని సీమకు బయలుదేరాడు. దారిలో కలరా సోకి జూలై 6న పత్తికొండలో కన్నుమూశాడు. గుత్తిలో సమాధి చేసి, 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. మరణానికి ముందు గండిలో పాపాఘ్నికి అడ్డంగా బంగారు తోరణం ఆయన కంటపడిందని కడప జిల్లాలో ఒక కథ ఉంది. అది కథే. ఆయన పేరు మీద పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న తల్లిదండ్రులు మాత్రం నిజం.